వినని వినైలు

పేరు వింటే వినయం ఉన్నట్టే ఉంటుంది గానీ, వినైలంత మొండి పదార్థం ఈ భూమ్మీద మరొకటి లేదు. చెప్పిన మాట వినదు. ఉండమన్న చోట లేచిపోతుంది, లేవమన్న చోట ఉండిపోతుంది. మా వంటింటి అలమరాల తలుపులన్నిటికీ ఆ ప్లాస్టిక్ పొరే తొడుగు. మాకు ఇల్లు అమ్మినాయన దాన్ని తలుపులకు అంటించి, టేకు చెక్క అని చెప్పి మాకు అంటగట్టాడు. అది టేకు కాదని, టోకున చెప్పిన అబద్ధమని మొదటి వానాకాలంలోనే తేలింది. అంచులు లేచాయి. మధ్యలో బుడగలు పొంగాయి. పొయ్యి పక్క తలుపైతే, అలిగిన మనిషిలా మూతి ముడుచుకుంది.

"ఈ స్టిక్కరంతా పీకేసి, తలుపులకి శుభ్రంగా రంగు వేయిద్దామండీ," అంది మా ఆవిడ.

పెళ్ళయిన నాటి నుంచీ "ఇంట్లో మీరేం పీకుతున్నారు" అన్న ప్రశ్నకు జవాబు లేక నలిగిపోతున్నవాణ్ణి కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

నేను కొరియరు ఆఫీసులో పనిచేస్తాను. పొద్దస్తమానం పెట్టెల మీద చిరునామా చీటీలు అంటించడమే నా పని. అంటించడంలో నాకు పేరుంది. ఊడదీయడంలోనే అనుభవం లేదు. నా జుట్టు కూడా తనంతట తానే ఊడింది, అందులో నా కృషి ఏమీ లేదు.

మనిషిని పెట్టుకుని రంగు వేయించేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ మా ఆవిడ ఆ సంగతి ఫోనులో వాళ్ళ నాన్నతో అనేసింది.

"ఎవరి చేత వేయిస్తున్నావు?" అన్నారు ఆయన.

"ఎవరో ఒకర్ని చూడాలి నాన్నా."

"ఎవరో ఒకరేంటి అమ్మడూ? నేను లేనూ?"

మర్నాడు పొద్దున్నే కుంచెల పెట్టె చంకన పెట్టుకుని దిగారు.

మా మామగారు మామూలు మామగారు కాదు. దుకాణాలకు బోర్డులు రాసేవారు. బజారంతా ఆయన్ని 'గీత మేస్త్రి' అని పిలిచేది. ఆయన గోడ మీద గీత గీస్తే పక్కన దారం పట్టి చూసినవాళ్ళు దారమే వంకరని ఒప్పుకునేవారు. నుదుటి రాతైనా కాస్త అటూ ఇటూ పోవచ్చు గానీ మేస్త్రి రాత పోదని దుకాణాలవాళ్ళ నమ్మకం. పళ్ళ డాక్టరు బోర్డు మీద ఆయన వేసిన పలువరస చూసి, జనం తమ పళ్ళ మీద అసంతృప్తితో లోపలికి వెళ్ళేవారట. ఆ డాక్టరు చాలా బాగుపడ్డాడు.

తర్వాత బజారులోకి వినైలు వచ్చింది. కంప్యూటరు అక్షరాలు కోస్తుంది, కుర్చీలో కూర్చున్నవాడు అంటిస్తాడు, టీ చల్లారేలోపు బోర్డు తయారు. బజారు రాత మారింది, మామగారి రాత ఆగింది. ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ పదార్థాన్ని పేరు పెట్టి పిలవడం మాత్రం మానేశారు. 'తోలు' అనేవారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా వంటింటి వైపు వీపు పెట్టి కూర్చుని కాఫీ తాగేవారు. పగవాడితో ఒకే బస్సులో వెళ్ళాల్సి వస్తే కిటికీలోంచి చూస్తామే, అలా.

అలాంటి మనిషికి, కూతురింట్లో ఆ తోలు తన చేత్తో ఒలిచే యోగం పట్టింది. ఆ వేళ వంటింటికి ఎదురుగా కూర్చున్నారు.

"అల్లుడుగారూ, మీరు సెలవు పెట్టండి. ముందు తోలు ఒలుద్దాం. తర్వాత రంగు సంగతి నేను చూసుకుంటాను," అంటూ తలుపుల వైపు వేలు చూపించారు.

ఆ వేలు ఒక తలుపు మీద నిలవలేదు. రెండు తలుపుల మధ్య సన్నగా ఊగుతూ ఉంది. ఆయన గబుక్కున చేతిని జేబులో పెట్టేసుకుని, కాఫీ కప్పు ఎడమ చేత్తో అందుకున్నారు. మా ఆవిడా నేనూ ఒకేసారి కాలెండరు వైపు చూడసాగాం.

ఆయన స్నానానికి వెళ్ళగానే మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగింది.

"చూశారా?"

"చూశాను."

"అమ్మ ఒక్క ముక్క చెప్పలేదు."

"ఆయన చెప్పనిచ్చి ఉండరు."

"ఆ చేత్తో నాన్న రంగు వేసి, అది వంకరపోతే, అదీ మన కళ్ళ ముందు... ఇక జన్మలో కుంచె ముట్టుకోడండీ. ఆ పెట్టె మూసేస్తాడు. పెట్టె మూస్తే మనిషి ఏమైపోతాడో బోర్డులు ఆగినప్పుడు ఒకసారి చూశాను."

"పోనీ వద్దని చెప్పేద్దామా?"

"ఏమని? నీ చెయ్యి వణుకుతోంది నాన్నా, నువ్వు తప్పుకో, అనా? మీరు చెప్తారా?"

నేను చెప్పలేను. మా ఆవిడ కాసేపు తలుపు మీద బుడగను వేలితో నొక్కుతూ నిలబడింది. అది ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తోంది.

"ఈ స్టిక్కరు ఊడకూడదు," అంది.

"అదేంటి, మొన్ననేగా పీకమన్నావు?"

"ఇది ఊడితేగా రంగు వేసేది? మీరు ఊడదీస్తూనే ఉండండి. నెమ్మదిగా. అవ్వనివ్వకండి. ఈలోగా నాన్నకి విసుగొచ్చి ఇంటికి వెళ్ళిపోతే సరే, లేకపోతే నేనేదో ఒకటి ఆలోచిస్తాను. పని సాగదీయడం మీకు చేతకానిదేం కాదుగా."

నా బద్ధకాన్ని ఇంటి అవసరానికి వాడుకోవడం మా కాపురంలో అదే మొదటిసారి.

తలుపులన్నీ మడతబందుల నుంచి విప్పి బాల్కనీలో గోడకు చేరేశాం. తలుపులు పోయేసరికి మా సంసారం బట్టబయలైంది. మా ఆవిడ నాకు కనపడకుండా దాచిన బిస్కట్ల డబ్బా నాకు కనపడింది. నేను పగలగొట్టి వెనక్కి నెట్టిన పింగాణీ గిన్నె ఆవిడకు కనపడింది. లెక్క సరిపోయింది.

మామగారు పద్ధతి చెప్పారు. హెయిర్ డ్రయ్యరుతో ఒక మూల వెచ్చబెట్టాలి. ఆ యంత్రంతో నా నెత్తికి పనిలేకపోయినా, చేతికి పని దొరికింది. వెచ్చబడ్డ మూలను పాత ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. లేచిన అంచును పిడికిట్లో పట్టుకుని, తలుపును ఆనుకుని, పక్కకి లాగాలి. గాయం మీద పట్టీ తీసినట్టు.

నేను గోటితో గిల్లి గిల్లి తపాలాబిళ్ళంత ముక్కలు తీస్తూ కూర్చున్నాను.

"అల్లుడుగారూ, ఏం చేస్తున్నారు? కోడి ఈకలు పీకుతున్నారా?"

"ఇది వినైలు మామయ్యగారూ. మాట వినదు."

"వినేలా చెప్పాలి. ఇలా ఇవ్వండి."

తలుపును నేల మీద పడుకోబెట్టించి, మోకాలితో తొక్కిపట్టి, అంచును రెండు పిడికిళ్ళతో పట్టుకుని వెనక్కి జరగడం మొదలుపెట్టారు. పిడికిలి బిగిస్తే వణుకు లోపల ఇరుక్కుపోతుంది కాబోలు, కనపడలేదు. తోలు చర్రుమంటూ మూల నుంచి మూలకు ఒకే ముక్కగా లేచి వచ్చింది. ఆయన దాన్ని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి చెత్తసంచిలో పెట్టారు. పెట్టాక సంచిని కాలితో ఒక తన్ను తన్నారు. గట్టిగా కాదు, మర్యాదగానే.

ఆయన సంతోషం చూస్తే నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. ఈ లెక్కన సాయంత్రానికల్లా అన్నీ ఊడిపోతాయి.

అందుకని, ఒక తలుపు జిగురు పోయాకే ఇంకోటి ఒలుద్దామని జిగురును ఆశ్రయించాను. వినైలు పోయినా జిగురు పోదు. చుట్టం వెళ్ళొస్తానని లేచి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఇంకో గంట మాట్లాడినట్టు తలుపు మీదే ఉంటుంది. దాన్ని వేడి సబ్బునీళ్ళతో నానబెట్టాలి, వంటనూనె రుద్దాలి, కార్డుతో గోకాలి. నేను గోకినచోటే గోకాను. చిత్రమేమిటంటే, ఈ విషయంలో మామగారు నన్నసలు తొందరపెట్టలేదు. అద్దంలా మెరుస్తున్న తలుపు మీద కూడా వేలు ఆనించి, "ఇంకా బంకగానే ఉంది. మళ్ళీ గోకండి," అనేవారు. ఆ పనితనం చూసి, అక్షరాలు దిద్దిన మనిషి కదా, మనకు తెలియని మెరుగేదో ఆయనకు తెలుస్తోందనుకున్నాను.

సెలవు పొడిగించమని ఆఫీసుకు ఫోను చేశాను.

"ఏం పనయ్యా ఇంట్లో?" అన్నాడు మేనేజరు.

"గోకుడండీ."

ఆయన ఇంకేమీ అడగకుండా సెలవిచ్చాడు. ఏ రోగమనుకున్నాడో తెలియదు.

మా ఆవిడ సాయంత్రాలు ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగేది, "ఎంతవరకూ వచ్చింది?"

"ఇంకా బోలెడుంది," అనేవాళ్ళం మామగారూ నేనూ, కూడబలుక్కున్నట్టు.

ఎంత సాగదీసినా దేనికైనా ఒక కొస ఉంటుంది. పొయ్యి పక్క తలుపొక్కటే మిగిలిన రోజు రానే వచ్చింది. మా ఆవిడ ఇంట్లో లేదు. మామగారు భోంచేసి ముందుగదిలో కునుకు తీస్తున్నారు. ఆయన లేచి ఆ ఒక్కటీ ఒలిచేస్తే, మిగిలేది రంగు డబ్బా, ఆయన చెయ్యి. నాకు దిక్కు తోచలేదు. దిక్కు తోచనప్పుడు మనిషి తనకు వచ్చిన పనే చేస్తాడు. నాకు వచ్చింది అంటించడం.

చెత్తసంచిలోంచి ఒక తోలు తీసి మడతలు విప్పాను. ఆఫీసు పని కోసం ఇంట్లో పెట్టుకున్న జిగురు ఉంది. శుభ్రంగా గోకిన తలుపొకటి ముందుకు లాగి, జిగురు రాసి, పై అంచు కలిపి, కార్డుతో నిమురుతూ కిందికి దించసాగాను. చెప్పకూడదు గానీ పని బాగా కుదిరింది. ఇల్లు అమ్మినాయన అంటించినదానికన్నా నాదే నున్నగా వచ్చింది. ఒంట్లో ఉన్న విద్య కదా, ఒళ్ళు మరిచిపోయాను.

"ఎడమ పక్కన బుడగ మిగిలింది," అంది వెనక నుంచి గొంతు.

కార్డు చేతిలోనే ఉండిపోయింది.

"మామయ్యగారూ, ఇది..."

"చెయ్యి మంచిదే మీది. ఆ రోజుల్లో మా బజారులో దుకాణం పెట్టి ఉంటే నన్ను ఇంకా ముందే ఇంటికి పంపేవారు."

ఆయన మెల్లగా వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. జేబులోంచి కుడిచెయ్యి తీసి, తడి జిగురు మీద ఉన్న తోలు మీద ఆనించారు. తోలు సన్నగా గలగలమంది. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం.

"సాగదీయమని అమ్మడు చెప్పిందా?"

"తనకి మీరంటే..."

"తెలుసు. ఈ తలుపు మీద జిగురు ఎప్పుడో పోయింది. నేనే మళ్ళీ మళ్ళీ గోకించాను."

"మీరా?"

"మరి? తోలు అయిపోతే కుంచె పట్టాలి కదండీ."

ఆయన నన్ను చూశారు, నేను తలుపును చూశాను. ముందు ఆయనే నవ్వారు. నవ్వితే భుజాలు కదిలాయి, భుజాలతో పాటు చెయ్యీ కదిలింది, ఏది నవ్వో ఏది వణుకో తెలియకుండా పోయింది.

"పగవాడి ఆయుష్షు పెంచడానికి ఇద్దరం ఇంత కష్టపడ్డాం," అన్నారు.

"ఎప్పటినుంచి ఇలా?"

"మొదట సంతకంలో చూశాను. తర్వాత మీ అత్తగారు చూసింది. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మందులిచ్చాడు. తగ్గుతుందనీ అనలేదు, తగ్గదనీ అనలేదు, వయసన్నాడు. ఇంటి వెనక గోడ మీద ఒక 'అ' రాసి చూసుకున్నాను. దానికి చలిజ్వరం వచ్చినట్టుంది. సున్నం కొట్టేశాను."

"మరి తెలిసీ ఎందుకొచ్చారు మామయ్యగారూ? ఏదో ఒక వంక చెప్పి ఉండిపోవచ్చుగా?"

ఆయన తోలు మీది బుడగను బొటనవేలితో పక్కకు తోశారు.

"అమ్మడు 'ఎవరో ఒకరు' అంది. నా కూతురింట్లో కుంచె పట్టడానికి ఎవరో ఒకరు రావాలా? ఆ మాట విన్నాక చేతి సంగతి మరిచిపోయాను. బస్సు ఎక్కాక గుర్తొచ్చింది."

అప్పుడే వీధి తలుపు తాళం తీసిన చప్పుడైంది. మా ఆవిడ సంచితో లోపలికొచ్చి, నేల మీద మమ్మల్నిద్దర్నీ, కొత్తగా అంటించిన పాత తోలునూ చూసింది. ఒక్క పని చెప్తే అది కూడా గుట్టుగా చేయలేరా అన్నట్టు నన్ను చూసింది.

"అమ్మడూ, నా చెయ్యి వణుకుతోంది," అన్నారు మామగారు.

ఆవిడ సంచి కింద పెట్టింది. ఉల్లిపాయలు దొర్లిపోతున్నా చూడలేదు.

"తెలుసు నాన్నా."

"నీకు తెలుసని నాకు తెలుసు. ఇక దాగుడుమూతలు చాలు. ఆ మిగిలిన తోలు లాగేయండి. రంగు వేసి చూద్దాం. వస్తే వస్తుంది, రాకపోతే రాదు."

"రాకపోతే?" అంది మా ఆవిడ.

"రాకపోతే చూద్దాం."

గరుకు కాగితంతో తలుపులు రుద్దడం, ప్రైమరు పూయడం, అది ఆరడం, అన్నీ అయ్యాయి. ఆదివారం పొద్దున బాల్కనీలో ఇటుకల మీద తలుపులు వరసగా పడుకోబెట్టాం. రంగు ఆయనే కలిపారు. మా ఆవిడ లేతాకుపచ్చ అడిగింది. ఆయన తెలుపులో పచ్చ కలిపి, పుల్లతో ఎత్తి ఎండలో చూసి, చుక్క పసుపు రంగు వేసి, మళ్ళీ చూసి, "ఊఁ," అన్నారు. కళ్ళకు వయసు రాలేదు.

వెడల్పాటి కుంచె తీసుకుని ముంచారు. తలుపు మీదికి తెచ్చేలోపు దాని కొస గాలిలో గజగజలాడింది. కింద పరిచిన కాగితం మీద చుక్కలు పడ్డాయి. మా ఆవిడ చేతిలో ఒక గిన్నె ఉంది, దాన్ని తుడుస్తూనే ఉంది. నేను ఎదురింటి నీళ్ళ ట్యాంకును జాగ్రత్తగా పరిశీలించాను.

కుంచె తలుపును తాకింది. తాకాక దాని బరువు చెక్క మోసింది. ఆయన లాగారు. పట్టీ కాస్త అలలు అలలుగా వచ్చింది. పక్కనే ఇంకో పట్టీ. ఆ అలల మీద ఇంకో పూత.

"నాన్నా..." అంది మా ఆవిడ.

"ఆరేదాకా ఆరా తీయకూడదు," అన్నారాయన, చూపు తిప్పకుండా.

చూస్తుండగానే అలలు సర్దుకున్నాయి. చిక్కటి రంగు తనంతట తానే పరుచుకుని, నీళ్ళు నిలిచినట్టు నిలిచింది. మా ఆవిడ వంగి, కళ్ళు చిన్నవి చేసి, ఒక పక్క నుంచి చూసింది.

"ఏమీ కనపడట్లేదు నాన్నా."

"ఏం కనపడుతుంది? తలుపంతా ఒకటే రంగు. దీనికి కొమ్ములున్నాయా, దీర్ఘాలున్నాయా?"

మమ్మల్ని కసురుతున్నట్టే అన్నారు గానీ, ఆ మాట ఆయన కూడా అప్పుడే వింటున్నట్టు అనిపించింది. అక్షరాలు తిని బతికిన కుటుంబం. రంగు అనగానే అందరికీ అంచులే గుర్తొచ్చాయి. అంచు లేని రంగు కూడా ఒకటుంటుందని ఒక్కరికీ తట్టలేదు.

మధ్యాహ్నానికి తలుపులన్నిటికీ రంగు వేసేశారు. చొక్కా మీద రంగు, చెవి మీద రంగు. మధ్యలో ఏదో పాట కూడా కూనిరాగం తీశారు. మా ఆవిడ ఆ ఒక్క గిన్నే తుడుస్తూ ఉండిపోయింది.

తర్వాత వంటింట్లోకి వచ్చాం. అలమరా చట్రం మిగిలింది. అది తెల్లగోడను ఆనుకుని ఉంటుంది. ఇటు పచ్చ, అటు తెలుపు, మధ్యలో పైనుంచి కిందిదాకా ఒకటే గీత. ఇక్కడ పరుచుకుని సర్దుకుపోవడానికి చోటు లేదు. ఇది బోర్డు పని. గీత మేస్త్రి పని.

ఆయన సన్న కుంచె తీసుకున్నారు. కుడి మణికట్టు కింద ఎడమ అరచెయ్యి ఆనించారు. కుంచెను గోడ అంచు దగ్గరికి తెచ్చి ఆగారు. దాని కొస గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతోంది.

"అక్కడ వద్దులే నాన్నా," అంది మా ఆవిడ. "ఎవరు చూస్తారు? అలాగే వదిలేద్దాం."

"నేను చూస్తానుగా," అన్నారు.

ఇంకాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత కుంచెను వెనక్కి తీసుకుని, గుడ్డతో మెల్లగా తుడిచి, పిడి నా వైపు తిప్పారు.

"ఇది నా వల్ల కాదు. నువ్వు వెయ్యి."

మా ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. పెట్టె మూసే ముఖం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు కదా, దాని కోసం వెతికినట్టు చూసింది. ఆయన మాత్రం నా చేతినే చూస్తున్నారు. ఆవిడ వెళ్ళి ముందుగదిలోంచి స్టూలు తెచ్చి ఆయన వెనక వేసింది. ఆయన కూర్చుంటే అది కిర్రుకిర్రుమంటూనే ఉంది.

"పట్టుకోవడంలోనే తప్పుంది. అదేం గరిటె కాదు."

"మామయ్యగారూ, నేను చీటీలు అంటించుకునేవాణ్ణి."

"ఇప్పుడు గీతలు గీసేవాడివి. చిటికెన వేలు గోడకి ఆనించు. గీత గీసేటప్పుడు ఊపిరి తియ్యకు. అయ్యాక తియ్యి."

"గీత పొడుగ్గా ఉంటే?"

"చచ్చిపోకుండా ఎంత గీయగలవో అంత గియ్యి."

గీశాను. పచ్చ రంగు, చుట్టపుచూపుగా తెల్లగోడ మీదికి వెళ్ళి అక్కడే మకాం పెట్టింది.

"వంకరపోయింది నాన్నా," అంది మా ఆవిడ.

"పోయింది," అన్నారాయన, ఎంతో తృప్తిగా. "వణికే చేత్తో నేను వేసినా ఇంత వంకర రాదు. గోడకేం చెప్పాలనుకున్నావయ్యా, దాన్ని అంత గట్టిగా అదుముతున్నావు? తుడువు. ఆరకముందే తుడువు. అమ్మడూ, వాడికి తడిగుడ్డ అందించు."

తుడిచాను. కుంచె మళ్ళీ ముంచాను.

"ఎక్కువైంది. డబ్బా అంచుకి ఒత్తు. ఇంకా. ఊఁ, ఇప్పుడు వెయ్యి."

చిటికెన వేలు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి, కుంచెను మెల్లగా కిందికి దించసాగాను. వెనకాల స్టూలు కిర్రుమనడం ఆగిపోయింది. ఆయన కూడా ఊపిరి బిగబట్టినట్టున్నారు.